ఎత్తకూడని రింగు

మా ఇంట్లో పొద్దున పూట ఫోను మోగితే ఎవరూ ఎత్తేవాళ్ళం కాదు. ఎత్తకూడదు, అది రూలు. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు ఈ సంగతి తెలియక, మోగీ మోగగానే పరిగెత్తుకెళ్ళి రిసీవరు మీద చెయ్యి వేశాను. మా అత్తగారు దేవుడి గదిలోంచి "అయ్యయ్యో, ముట్టుకోకు!" అని ఒక్క కేక పెట్టారు. కరెంటు తీగ పట్టుకున్నదానిలా చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఫోను ఆ ఒక్క రింగుతోనే ఆగిపోయింది. ఆవిడ కళ్ళు మూసుకుని చిన్న తిరుపతి వెంకన్నకి దణ్ణం పెట్టుకుని, "చేరాడు. ఇక నా కాఫీ ఇయ్యి అమ్మాయ్," అన్నారు.

నాకు నవ్వాగలేదు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల బస్తాల మధ్య పెరిగినదాన్ని, మా ఇంట్లో ఫోను మోగితే ముగ్గురు ఒక్కసారే లాక్కునేవాళ్ళం. ఎత్తడానికి కాకపోతే ఫోనెందుకండీ అని అడిగాను. "నీ నోట్లో ఆ ఉల్లిపాయ ఘాటు ఇంకా పోలేదే," అన్నారు ఆవిడ. ఆ మాట ఇన్నేళ్ళుగా అంటూనే ఉన్నారు. నా నోరు ఊరుకోదని ఆవిడకి తెలుసు, ఆవిడ మాట ఆవిడదేనని నాకూ తెలుసు.

మాది ఏలూరులో చేపల మేత వ్యాపారం. కింద కొట్టు, పైన ఇల్లు. తవుడు, వేరుశనగ చెక్క, ఇంకా చేపలకి ఏమేం కావాలో అవన్నీ. మేం వైశ్యులం, చేప ముక్క గడప దాటి రానివ్వం. మావారు చెరువు నుంచి వస్తే బయట పంపు దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, చొక్కా అక్కడే విప్పి బకెట్లో పడేసి గానీ లోపలికి రాకూడదు. "చేపకి అన్నం పెట్టి బతుకుతున్నారు, ఆ వాసన మాత్రం వద్దా?" అని నేను దెప్పేదాన్ని. ఆయన నవ్వి సబ్బు అందుకునేవారు.

కైకలూరు రోడ్డులో, కొల్లేటి లంకల వైపు, మాకో చెరువులో వాటా ఉంది. చెరువంటే చేపలు పెంచడానికి పొలం తవ్వి గట్లు పోసిన చెరువు. పొద్దున్నే అక్కడ తవుడు బస్తాలకి కన్నాలు పెట్టి, నీళ్ళలో పాతిన వెదుళ్ళకి వేలాడగడతారు. చేపలొచ్చి ఆ కన్నాల దగ్గర మూతులు పెట్టి తింటాయి. అవి బాగా తింటున్నాయా లేదా అని మావారు రోజూ చూసుకోవాల్సిందే. తెల్లారీ తెల్లారగానే మోటారుసైకిలు మీద వెళ్ళి, ఎండెక్కేవేళకి కొట్టుకి వచ్చేసేవారు.

ఆ రోడ్డు మీదే మా మామగారు పోయారు. నేను ఆ ఇంటికి రాకముందు సంగతి. శీతాకాలంలో మంచు పట్టి ముందు ఏముందో కనబడక, స్కూటరుతో సహా కాలవలోకి వెళ్ళిపోయారట. ఆ వేళ ఇంట్లో ఫోను మోగింది, ఆగకుండా మోగింది, కాఫీ గ్లాసు చేత్తో పట్టుకునే అత్తగారు వెళ్ళి ఎత్తారు. ఆ తర్వాత ఆవిడ కొడుకుని అదే రోడ్డు మీదికి పంపాల్సి వచ్చింది, వ్యాపారం ఆగదు కదా. అందుకని ఒక కట్టడి పెట్టుకున్నారు. చెరువు చేరగానే కొడుకు, అప్పట్లో గట్టు దగ్గరి కొట్టులో ఉన్న ఫోను నుంచి, ఒక్క రింగిచ్చి పెట్టేయాలి. ఒక్క రింగంటే క్షేమం. రింగాగకుండా మోగిందంటే ఏదో జరిగింది, అప్పుడే ఎత్తాలి. ఆ ఒక్క రింగు వినేదాకా ఆవిడ కాఫీ తాగేవారు కాదు. ఫోను పక్కనే స్టూలు మీద స్టీలు గ్లాసులో కాఫీ, దాని మీద మూత, దాని ఎదురుగా ఆవిడ.

హాయిగా ఎత్తి రెండు మాటలు మాట్లాడుకోవచ్చు కదా అని మీకనిపిస్తుంది. నేనూ అన్నాను, చాలాసార్లు అన్నాను. "పొద్దున్నే ఎత్తిన ఫోనులో నాకెప్పుడూ మంచి మాట వినబడలేదే," అన్నారు ఆవిడ.

అలా ఆ ఒక్క రింగు మీద మా ఇల్లు ఏళ్ళ తరబడి నడిచింది. సెల్‌ఫోన్లు వచ్చినా రింగు మాత్రం ఆ ఇంటి ఫోనుకే. నేను కొత్త స్మార్ట్‌ఫోను కొనుక్కుని, "నా సెల్‌కి చేయమనండి అత్తయ్యగారూ, నేను మీకు చెప్తాను," అంటే, "నీకు చేస్తే నువ్వు చెప్పాలి. నాకు చేస్తే నాకే తెలుస్తుంది," అన్నారు. పోనీ వాట్సాప్‌లో చెరువు దగ్గర్నుంచి ఫోటో పెడతారంటే, "ఫోటో నిన్నటిది కూడా పెట్టొచ్చు," అన్నారు. అదీ ఆవిడ తెలివి! మావారికి కూడా ఫోటోల గోల లేదు. ఒకటికి రెండు స్మార్ట్‌ఫోన్లు చెరువులో జారవిడిచాక, చెరువుకి మాత్రం బటన్ల ఫోనే పట్టుకెళ్ళేవారు. దాంట్లో ఒక బటన్ నొక్కి పట్టుకుంటే చాలు ఇంటికి పోతుంది. ఆ బటన్ మీద అంకె అరిగిపోయింది.

ఇంతలో పాత ఫోనుకి రోజులు దగ్గర పడ్డాయి. మా వీధిలో రోడ్డు తవ్వినప్పుడల్లా తీగ తెగేది. బాగు చేస్తే కొన్నాళ్ళు గరగరమని పలికేది, మళ్ళీ మూగబోయేది. ఫోను పోయిన రోజు అత్తగారికి కాఫీ లేదు, నాకు మనశ్శాంతి లేదు. చివరికి ఇంక ఈ తీగలు వేయరు, ఇంటర్నెట్ మీద నడిచే ఫోను పెట్టించుకోండి, నంబరు మాత్రం పాతదే ఉంటుంది అన్నారు. నంబరు అదే ఉంటుందన్న మాటకే ఆవిడ ఒప్పుకున్నారు.

కనెక్షన్ ఇవ్వడానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. బయట స్తంభం నుంచి సన్నటి తీగ లాగి, తెల్లటి పెట్టె ఒకటి గోడకి బిగించి, పక్కన కొత్త ఫోను పెట్టాడు. పెట్టెలో చిన్న చిన్న దీపాలు వెలిగాయి. "ఈ ఆకుపచ్చ దీపం వెలుగుతుంటే ఫోను ఉన్నట్టండి. కరెంటు పోతే ఇదీ పోతుంది, దానికో బ్యాటరీ పెట్టించుకోండి," అన్నాడు. అత్తగారు పెట్టెకి పసుపు రాసి బొట్టు పెట్టారు. పెట్టె వేడెక్కి ఆ బొట్టు కారిపోతుంటే చూసి, "దీనికి జ్వరమొచ్చిందేంటయ్యా?" అని అడిగారు. ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "ఎప్పుడూ కాస్త వెచ్చగానే ఉంటుందండీ మామ్మగారూ, భయం లేదు." "మా అబ్బాయి రింగు దీన్లోంచి వస్తుందా?" "ఎవరి రింగైనా వస్తుందండీ!"

మర్నాడు రింగు రాలేదు.

ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది. కాఫీ మీద మీగడ కట్టింది. నేను వేడి చేసి తెచ్చాను, మళ్ళీ చల్లారింది. ఆవిడ ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, కూతకూస్తోందో లేదో చూసుకుని, పెట్టేసి, మళ్ళీ ఎత్తారు. "పదేపదే ఎత్తితే రింగెలా వస్తుందండీ?" అని నేను విసుక్కున్నాను. చివరికి నా సెల్‌తో ఆయనకి ఫోను చేశాను. ఆయన తీరిగ్గా, "ఎప్పుడో ఇచ్చానే రింగు!" అన్నారు. అత్తగారికి అప్పటికి ప్రాణం లేచొచ్చింది గానీ, మధ్యాహ్నం ఆయన భోజనానికి కూర్చోగానే పట్టుకున్నారు. "చేరాక ఒక్క రింగివ్వడానికి చెయ్యి రాలేదురా నీకు?" "ఇచ్చానమ్మా, ఒట్టు. నా చెవిలో మోగింది, పెట్టేశాను." "నీ చెవిలో మోగితే నాకేం లాభం?"

రెండో రోజూ అంతే. ఆ పెద్దమనిషిని మళ్ళీ పిలిపించాం. ఆయన మావారిని మెట్ల కింద నిలబెట్టి, రింగిప్పించి, పైన మమ్మల్ని వినమన్నాడు. కిందనుంచి "మోగింది, పెట్టేశాను!" అని మావారి కేక వినబడింది గానీ పైన ఫోను కిమ్మనలేదు. "అదేనండీ సంగతి," అన్నాడాయన. "అటు ఆయన చెవిలో మోగడం మొదలయ్యాక, ఇటు ఫోను మోగడానికి కాస్త ఆలస్యం అవుతోంది. ఒక్క రింగుకే కట్ చేస్తే ఇక్కడిదాకా రాదండీ. కాసేపు మోగనివ్వాలి."

అత్తగారు కాసేపు ఆ పెట్టెకేసి చూసి, "మరి వాడిచ్చిన రింగు ఎక్కడికి పోతున్నట్టు?" అని అడిగారు. ఆయన తన సామాను సంచిలో సర్దుకున్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ పెట్టె రింగుల్ని మింగేస్తోందనే మాట పుట్టింది. ఏ వస్తువు కనబడకపోయినా పెట్టె మింగేసిందనుకునేవాళ్ళం. నవ్వుకునేవాళ్ళం.

నవ్వులు సరే, ఆవిడ కాఫీ మానేస్తే ఎలా? ఒంట్లో షుగరుంది, పొద్దున్నే ఖాళీ కడుపుతో కూర్చోకూడదు. ఒక రోజు కళ్ళు తిరిగి స్టూలు మీదినుంచి పక్కకి ఒరిగిపోయారు, నేను పట్టుకోబట్టి సరిపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర మావారే చెప్పారు. "ఇలా చేద్దామమ్మా. ఇకనుంచి నేను పెట్టేయను. మోగి మోగి దానంతటదే ఆగిపోయేదాకా వదిలేస్తాను. అప్పుడు నీకు తప్పకుండా వినబడుతుంది. నువ్వు మాత్రం ఎత్తొద్దు. అది క్షేమం రింగే అనుకో."

"ఆగకుండా మోగితే నాకు గుండె జారిపోతుందిరా," అన్నారు ఆవిడ.

"అలవాటవుతుంది. ఇది కొత్త ఫోను, దీనికి కొత్త రూలు. నిజంగా ఏదైనా అవసరమైతే నీ కోడలి సెల్‌కి చేస్తాను. ఎత్తారంటే మాత్రం ఇంట్లో మీకేదో అయిందని నేను కంగారు పడిపోతాను. గట్టు మీద నా వల్ల కాదు ఆ కంగారు." నా వైపు తిరిగి, "నీకే చెప్తున్నాను. నీ చెయ్యి ఊరుకోదు," అన్నారు. నేను మూతి తిప్పాను. నాకెందుకండీ మీ తల్లీకొడుకుల ఫోను అన్నాను.

మొదటి రోజు చూడాలి ఆవిడ మొహం. ఫోను మోగడం మొదలై, రెండో రింగు కూడా వచ్చేసరికి ఆవిడ పెదాలు పాలిపోయాయి. నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి చల్లగా ఉంది. మామగారు పోయిన రోజు ఫోను అలాగే మోగిందని నాకు తెలుసు. అది మోగినంతసేపూ ఆవిడ నా వేళ్ళు నలిపేశారు. ఆగాక మాత్రం మేమిద్దరం ఒకరి మొహాలొకరు చూసుకుని, పరీక్ష గట్టెక్కిన పిల్లల్లా నవ్వేశాం.

తర్వాత్తర్వాత ఆవిడకి ఆ మోత అలవాటైంది, అలవాటవడమే కాదు, ఇష్టమైపోయింది. నేను వంటింట్లో మిక్సీ వేస్తుంటే, "ఆపవే, అబ్బాయి మోగుతున్నాడు!" అని కేకేసేవారు. కళ్ళు మూసుకుని చివరిదాకా వినేవారు. ఒకరోజు కాఫీ తాగుతూ తనలో తను అనుకున్నట్టు అన్నారు. "ఇదివరకు చిటికెలో పోయేవాడు. ఇప్పుడు కాసేపు ఉంటున్నాడు."

ఆ మాట నేను మర్చిపోలేను. ఆ మోగినంతసేపూ అటు కొడుకు గట్టు మీద ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడి ఉంటాడు, ఇటు తల్లి వింటూ ఉంటుంది, మధ్యలో ఒక్క మాట లేదు. వాళ్ళకి అది చాలు. నాకు అసూయ వేసేది కూడా. పెళ్ళాన్ని, నాకోసం ఆయన ఎప్పుడైనా అంతసేపు ఊరికే నిలబడ్డారా?

ఇక ఆ రోజు.

ముందు రోజు సాయంత్రం నుంచి ఆయనకి వీపులో నొప్పిగా ఉంది. గ్యాస్ అన్నారు. వాము నీళ్ళు కాచి ఇచ్చాను, తగ్గిందన్నారు. పొద్దున్నే లేచి బయల్దేరుతుంటే, "ఇవాళ్టికి మానేయకూడదుటండీ?" అన్నాను. "మేత తినట్లేదని నిన్న ఫోను చేశాడు, చూసొచ్చేస్తాను," అన్నారు. చెరువు మీద మకాం ఉండి చూసుకునే పనివాడు చేసుంటాడు, అతనూ మావారి ఈడువాడే, లంక గ్రామం మనిషి. ఆయన మోటారుసైకిలు చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా వినబడింది. అందులో విశేషమేం లేదు, రోజూ వినబడేదే.

రింగు రోజూ వచ్చే వేళకి రాలేదు. అత్తగారు రెండుసార్లు ఆకుపచ్చ దీపం చూసొచ్చారు. నేను దోసెలు పోస్తున్నాను, చేతుల నిండా పిండి. కాసేపటికి ఫోను మోగింది. "హమ్మయ్య!" అన్నారు ఆవిడ. ఫోను నిదానంగా చివరిదాకా మోగి ఆగిపోయింది. ఆవిడ దణ్ణం పెట్టుకుని, గ్లాసు మీద మూత తీశారు.

రెండు గుక్కలు తాగారో లేదో, మళ్ళీ మోగింది.

"ఇదేంటే, రెండుసార్లు చేరాడా!" అని నవ్వారు ఆవిడ. నేను కూడా నవ్వాను. "మొదటిది పెట్టె మింగేసిందనుకున్నారేమో," అన్నాను. కానీ ఎందుకో నా కాళ్ళు ఊరుకోలేదు. గరిటె పక్కన పెట్టి, పిండి చేతులతోనే ఫోను దగ్గరికి వెళ్ళాను. చెయ్యి చాచాను. ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. "ఎత్తకు. అక్కడ వాడు కంగారు పడతాడు. చెప్పాడుగా."

నిజమే, చెప్పారుగా. నేను ఆగాను. ఫోను మోగుతూనే ఉంది. ఆవిడ నా చెయ్యి వదల్లేదు, కళ్ళు మూసుకుని వింటూనే ఉన్నారు. నా మణికట్టు మీది పిండి ఆవిడ వేళ్ళకి అంటుకుంది. మోగి మోగి ఆగిపోయింది. వంటింట్లో దోసె మాడిన వాసన వచ్చి నేను పరిగెత్తాను. నా సెల్‌తో ఆయనకి చేసి చూడాలని ఆ హడావుడిలో తోచనేలేదు.

చాలాసేపటి తర్వాత మూడోసారి మోగింది. ఆవిడ స్నానాల గదిలో ఉన్నారు. ఈసారి నేను ఆగలేదు. ఎత్తి "ఏవండీ," అన్నాను. అటునుంచి ఆయన గొంతు కాదు. "అమ్మగారండీ, నేనండీ, చెరువు మీదినుంచండీ," అంటూ పనివాడు ఏడుస్తున్నాడు. ఆయన ఫోనులోంచే, అదే బటన్ నొక్కి చేశాడు. షావుకారుగారిని చేపల వ్యానులో ఎక్కించాం, ఏలూరు తీసుకొస్తున్నాం, ఆస్పత్రికి వచ్చేయండి అన్నాడు. ఆ ఏడుపు విన్నాక ఆస్పత్రికి ఎందుకు వెళ్ళాలో నాకు అర్థమైపోయింది. ఆయన దారిలోనే పోయారు.

జరిగింది ఏమిటో నాకు పెద్దకర్మ అయ్యాక గానీ పూర్తిగా తెలియలేదు. పనివాడు వచ్చి కింద కొట్టులో తవుడు బస్తాల పక్కన నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ పూట అత్తగారు పైన పడుకుని ఉన్నారు. నేను అడిగాను, అతను చెప్పాడు.

"వచ్చీ రాగానే బస్తా మీద కూలబడిపోయారండీ. చెమటలు పట్టేసినయ్యండీ. ఏమైందండీ అంటే, గుండెల్లో పట్టేసిందిరా, ఇంట్లో చెప్తానుండు అని ఫోను నొక్కారండీ. నేను పక్కనే ఉన్నానండీ, మోగడం నాకూ వినబడతా ఉందండీ. ఎవరూ తియ్యట్లేదు. తియ్యట్లేదేంటండీ అన్నానండీ." అతను తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "ఆళ్ళు ఎత్తరురా, ఎత్తొద్దని నేనే చెప్పాను అన్నారండీ. నవ్వారమ్మా అప్పుడు. నవ్వి, మళ్ళీ నొక్కారండీ. నేను బండి కోసం రోడ్డు మీదికి పరిగెత్తానండీ. వచ్చేతలికి ఫోను చెవి దగ్గరే ఉందండీ."

నా సెల్‌కి చేసి ఉండొచ్చు కదా అని మీరనొచ్చు. నా నంబరు ఆ ఫోనులో ఉంది, వెతుక్కోవాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరు వెతుక్కుంటారు? వేలు ఏళ్ళ తరబడి ఏ బటన్ మీదికి వెళ్ళిందో ఆ బటన్ మీదికే వెళ్ళింది. ఎత్తి ఉంటే బతికేవారా అని డాక్టరుగారిని అడిగాను. అలా చెప్పలేమమ్మా, అక్కడినుంచి వచ్చే టైములో ఏమైనా జరగొచ్చు అన్నారు. సరే, బతక్కపోదురు. ఆయన గొంతు వినేదాన్ని కదా! ఏం చెప్పాలనుకున్నారో అది చెప్పి ఉండేవారు. నేను "ఉండండి, వస్తున్నా," అని ఉండేదాన్ని. ఆ ఒక్క ముక్క ఆయన చెవిలో పడి ఉండేది.

అత్తగారి మీద కోపం రాలేదా అంటే, వచ్చింది. దాచుకోవడం దేనికి? ఒళ్ళు మండిపోయేంత కోపం వచ్చింది. నా మణికట్టు చూసుకుంటే ఆవిడ వేళ్ళు ఇంకా అక్కడే ఉన్నట్టుండేది. ఆవిడకి అన్నం వడ్డిస్తూ, మందు బిళ్ళలు చేతిలో పెడుతూ, తల దువ్వుతూ, ఇప్పుడు చెప్పేస్తాను, ఇప్పుడు చెప్పేస్తాను అనుకునేదాన్ని. మీ అబ్బాయి పిలిచాడండీ, మీరు నన్ను పట్టుకున్నారు అని. గుండె బరువు సగం దిగుతుంది అనిపించేది. ఆవిడ తలెత్తి, "నూనె ఎక్కువ పెట్టకే, కారిపోతోంది," అనేవారు. నోటిదాకా వచ్చింది లోపలికి పోయేది. ఆవిడ ఎనభై దాటిన మనిషి. మొగుడి చావు ఫోను ఎత్తి తెలుసుకుంది. కొడుకు చావు ఎత్తనివ్వకపోవడం వల్ల అని కూడా తెలుసుకోవాలా?

పనివాడిని కూడా ఆవిడ ముందు ఆ మాట ఎప్పుడూ అనొద్దన్నాను. "చచ్చినా అననండీ," అన్నాడు.

మా అమ్మాయి భీమవరం నుంచి వచ్చినప్పుడల్లా ఆ పెట్టె తీసిపారేయమ్మా అంటుంది. దానికి అసలు సంగతి తెలియదు, ఊరికే నాన్న గుర్తొస్తాడని. నేను తియ్యనివ్వలేదు. దాని మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. అదేం చేసింది, మోగింది. ఎంత చక్కగా మోగాలో అంత చక్కగా మోగింది, రెండుసార్లు. పెట్టె పక్కన స్టూలు అలాగే ఉంది. పొద్దున్నే ఆవిడ అక్కడ కూర్చుంటారు. కాఫీ ఇస్తే తాగుతారు, మూత పెట్టమని అడగరు. తవుడు కోసం ఎవరైనా పొద్దున్నే ఫోను చేస్తే నేను మొదటి రింగుకే ఎత్తేస్తున్నాను. ఆవిడ ఏమీ అనరు. ఎత్తాక నేను మాత్రం ముందు వింటాను, అటువాళ్ళు హలో హలో అంటూ ఉంటారు.

మొన్న మాసికానికి తాడేపల్లిగూడెం నుంచి మా పిన్ని వచ్చింది. పెద్దకర్మకి రాలేకపోయింది, మోకాళ్ళ ఆపరేషను చేయించుకుని మంచం మీద ఉంది అప్పుడు. అత్తగారి పక్కన కూర్చుని, ముసలివాళ్ళు అడిగే మాటే అడిగింది. "పోయేముందు పిల్లాడు ఏమన్నా మాట్లాడాడా వదినగారూ?"

నేను వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసులతో నిలబడిపోయాను.

"మాట్లాడలేదు వదినా," అన్నారు అత్తగారు. "మాట్లాడకపోతేనేం, రింగిచ్చాడు. వాడు నాకు చెప్పకుండా ఎక్కడికీ వెళ్ళడు. అంత ప్రాణం మీదికి వచ్చినా చేరానమ్మా అని చెప్పే పోయాడు." ఆవిడ గొంతులో గర్వం ఉంది. పనివాడి నోట విన్న ప్రతి అక్షరం నా నాలుక చివర ఉంది. "రోజూ ఒకసారే ఇచ్చేవాడు. ఆ రోజు మాత్రం రెండుసార్లు ఇచ్చాడు. నాకు అప్పుడు తెలియలేదు, తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. ఒకటి నాకు." నా వైపు చూపించారు. "ఒకటి దానికి."

పిన్ని పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుని నాకేసి తిరిగింది. "నిజమేనుటే?"

గ్లాసులు స్టూలు మీద పెట్టాను. కొంచెం కాఫీ ఒలికింది. "నిజమే పిన్నీ," అన్నాను. "రెండోది నాదే. నేను ఎత్తలేదు."

అత్తగారు నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఎత్తకూడదుగా మరి," అన్నారు.